‘లెన్సు పోయింది’ అన్న పీఎస్2: ఒక పాత పెట్టె మరమ్మతు కథ

మా బల్ల మీదికి వచ్చే పాత గేమ్ పెట్టెల్లో చాలా వాటికి జబ్బు పేరు ముందే పెట్టేసి ఉంటారు. డిస్కు చదవకపోతే చాలు, లెన్సు పోయిందంటారు. కొత్త లెన్సు వేయించుకోమంటారు, లేదంటే పెట్టె పారేయమంటారు. ఈ తీర్పు చాలాసార్లు తప్పే. ఈ కేసులో మాత్రం సగం నిజం. ఏ సగం నిజమో, ఏ సగం కాదో విడదీయడంలోనే అసలు పని ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

యంత్రం సోనీ ప్లేస్టేషన్ 2 (పీఎస్2), మొదటి లావు రకం. వెనక స్టిక్కరు మీద ఎస్‌సీపీహెచ్-39004 అని ఉంది. జగిత్యాల దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చింది. యజమాని అన్నయ్య దుబాయ్‌లో పని చేసే రోజుల్లో కొని తెచ్చిన పెట్టె. ఉత్తర తెలంగాణ ఇళ్లలో ఇలా గల్ఫ్ నుంచి పెట్టెలో సర్దుకుని వచ్చిన పీఎస్2లు ఇప్పటికీ చాలా కనిపిస్తాయి. అవి చాలావరకు పాల్ రకం (మన టీవీలకు సరిపోయే వీడియో పద్ధతి), 230 వోల్టులవి కాబట్టి మన కరెంటుకు ఇబ్బంది లేదు. అమెరికా నుంచి వచ్చిన వాటి సంగతి వేరు. ఆ కథ కింద వస్తుంది.

ఫిర్యాదులు మూడు. ఆన్ చేసిన ప్రతిసారీ భాష, తేదీ, సమయం అడుగుతుంది. వెండి రంగు డిస్కులు ఎక్కుతాయి గాని ఆట కొంత దూరం వెళ్లాక బొమ్మ ఆగిపోతుంది. అడుగు భాగం నీలంగా ఉండే డిస్కులు, పాత ప్లేస్టేషన్ నల్ల డిస్కులు అసలు ఎక్కవు. కాసేపు టకటకలాడి, ఎర్రటి తెర మీద ప్లేస్టేషన్ డిస్కు పెట్టమని అడుగుతుంది. పెట్టింది అసలు డిస్కే అయినా సరే.

ఫిర్యాదులోనే సగం జవాబు

మొదటి ఫిర్యాదుకు పెద్దగా ఆలోచించాల్సింది లేదు. లోపల గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కిరాణా కొట్లో కూడా దొరికే వస్తువు. దాని సంగతి ఇక్కడితో సరి.

మిగతా రెండిటినీ చాలామంది ఒకే జబ్బుగా చూస్తారు. పీఎస్2 ఆటలు రెండు రకాల డిస్కుల మీద వచ్చాయి. తక్కువ సమాచారం ఉన్నవి సీడీ మీద, వాటి అడుగు నీలం. మిగతావి డీవీడీ మీద, వాటి అడుగు వెండి రంగు. మొదటి ప్లేస్టేషన్ నల్ల డిస్కులన్నీ సీడీలే. సీడీని చదవడానికి 780 నానోమీటర్ల కాంతి కావాలి, డీవీడీకి 650. అందుకే పికప్‌లో, అంటే లెన్సు, లేజరు కలిసి ఉండే భాగంలో, రెండు వేర్వేరు లేజర్ వెలుగులు పుడతాయి. డిస్కు తిప్పే మోటారు, పికప్‌ను జరిపే మోటారు, మదర్‌బోర్డు రెండిటికీ ఉమ్మడే.

అంటే వెండి డిస్కులు ఎక్కుతూ నీలం, నలుపు ఎక్కకపోతే తప్పు ఉమ్మడి భాగాల్లో ఉండే అవకాశం తక్కువ. సీడీ లేజరు బలహీనపడిందనే మొదటి అనుమానం. మరి డీవీడీ ఆటలు మధ్యలో ఎందుకు ఆగుతున్నాయి? యజమానిని ఫోనులో అడిగాను, ఏ ఆటలో ఎక్కడ ఆగుతుందని. ఒక్కో ఆటలో ఒక్కో చోటట, కానీ ఎప్పుడూ మొదట్లో కాదట. డిస్కు మీద సమాచారం నడిమి నుంచి అంచు వైపు సాగుతుంది. వేర్వేరు డిస్కులు లోపలి వైపు బాగా చదివి, బయటి వైపుకు వెళ్లేసరికి తడబడుతున్నాయంటే లేజరును కాదు, లేజరు నడిచే దారిని చూడాలి. మూత తీయకముందే నా లెక్కలో ఇవి రెండు జబ్బులు.

మూత తీశాక

లావు పీఎస్2 విప్పడం కష్టం కాదు. అడుగున చదరపు మూతల కింద దాగిన మరలు తీస్తే పై డబ్బా లేస్తుంది. ఒక్కటే జాగ్రత్త. ముందువైపు పవర్, ఎజెక్ట్ బొత్తాల నుంచి సన్నటి రిబ్బన్ తీగ ఒకటి లోపలికి పోతుంది. డబ్బాను తొందరగా పైకి లాగితే అది చిరుగుతుంది. డిస్కు చదవలేదని వచ్చిన పెట్టె ఆన్ కూడా కాని స్థితిలో తిరిగి వెళ్లేది ఇక్కడే.

ఫ్యాను రెక్కల మీద దుమ్ము దళసరిగా పేరుకుంది. డ్రైవు మీది చిన్న మూతకున్న నాలుగు మరలు తీశాను. లెన్సు మీద పసుపు రంగు పొర. ఈ పెట్టె ఎన్నో ఏళ్లు ఇంట్లో దేవుడి అలమారా పక్కన ఉండేదని యజమాని తర్వాత చెప్పాడు. అగరుబత్తి పొగ, వంటింటి తాలింపు పొగ కలిసి లెన్సు మీద పేరుకునే ఈ జిడ్డు మన ఇళ్ల ప్రత్యేకత. విదేశీ మరమ్మతు వీడియోల్లో ఇది కనిపించదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు తడి తగిలీ తగలనట్టు అద్ది, నడిమి నుంచి బయటికి ఒకసారి తిప్పితే చాలు. గట్టిగా ఒత్తకూడదు. ఆ చిన్న ప్లాస్టిక్ లెన్సు వెంట్రుకల్లాంటి సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. ఒక్క తీగ వంగినా ఫోకస్ శాశ్వతంగా చెడుతుంది.

పికప్ జరిగే పట్టా (రైలు) దగ్గర అసలు విషయం బయటపడింది. పికప్ రెండు ఉక్కు కడ్డీల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాన్ని జరిపేది స్క్రూలా చుట్టలు తిరిగిన మరో కడ్డీ. దాన్ని వేలితో నెమ్మదిగా తిప్పి చూశాను. లోపలి వైపు తేలిగ్గా కదిలింది. బయటి మూడో వంతులోకి రాగానే బిగుసుకుంది. కంపెనీలో రాసిన గ్రీజు ఎండి గోధుమ రంగు బంకగా మారింది. దాని మీద ఎవరో కుట్టుమిషను నూనె పోశారు. పల్చటి నూనె వేసిన రోజున యంత్రం నున్నగా నడుస్తుంది. మరమ్మతు చేసినవాడికి పేరు వస్తుంది. ఆరు నెలల్లో ఆ నూనె ఇంట్లోని దుమ్మంతా పట్టుకుని ముందున్న బంకకంటే గట్టి బంక అవుతుంది. ఇక్కడ జరిగింది అదే.

కడ్డీలు ఊడదీసి ఆల్కహాల్‌తో తుడిచి, చుట్టల సందుల్లోని బంకను పాత టూత్‌బ్రష్షుతో తీసి, ప్లాస్టిక్‌కు హాని చేయని తెల్ల గ్రీజు పొరలా రాశాను. ఎక్కువ రాస్తే అది లెన్సు దాకా చిందుతుంది. తిరిగి బిగించి డీవీడీలు పెట్టాను. క్రికెట్ 07 ఆగకుండా ఆడింది. గాడ్ ఆఫ్ వార్ 2 కూడా. నేను పరీక్షకు ఎప్పుడూ దాన్నే వాడతాను. అది రెండు పొరల డిస్కు కాబట్టి ఒక పొర నుంచి మరో పొరకు ఫోకస్ మారవలసిన చోట బలహీనమైన పికప్ ఏదైనా దొరికిపోతుంది. ఇది తడబడలేదు. డీవీడీ లేజరు ఆరోగ్యంగా ఉందని తేలింది. రెండో ఫిర్యాదు పైసా విడిభాగం లేకుండా తీరింది.

నీలం డిస్కు మాత్రం అలాగే టకటకలాడింది.

స్క్రూడ్రైవరు గాట్లు

పికప్ పక్క భాగంలో ఆవగింజంత పొటెన్షియోమీటర్లు, అంటే తిప్పితే నిరోధం మారే భాగాలు, రెండు ఉంటాయి. ఒకటి సీడీ లేజరుకు, ఒకటి డీవీడీకి. నిరోధం తగ్గిస్తే లేజరుకు కరెంటు పెరుగుతుంది, వెలుగు పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. ఈ యంత్రంలో సీడీ వైపు దాని తలకాయ మీద స్క్రూడ్రైవరు గాట్లు స్పష్టంగా ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే నిరోధం చాలా కిందికి దిగిపోయింది. ఇంతకుముందు ఎవరో డిస్కు చదవడం లేదన్న ఫిర్యాదుకు పికప్ తుడవకుండా, రైలు చూడకుండా నేరుగా వెలుగు పెంచేశారు. కొన్నాళ్లు ఆడి ఉంటుంది. ఆ తర్వాత ఆ లేజరు డయోడ్ (వెలుగు పుట్టించే భాగం) ఇక పెంచడానికి వీల్లేని స్థాయికి చేరింది.

దీని మీద నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పొటెన్షియోమీటరును తాకడం ఆఖరి మెట్టు. తాకేముందు ఇప్పుడున్న ఓమ్‌ల విలువను కాగితం మీద రాసుకోవాలి. ఒక పికప్‌లో సరిపోయిన అంకె మరో పికప్‌కు సరిపోదు, ప్రతి దానికీ కంపెనీలో విడిగా సరిచేసి పంపారు. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన అంకెకు తిప్పడం పక్కింటివాళ్ల మందు వేసుకోవడమే.

యజమానికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డీవీడీ ఆటలన్నీ ఇక ఆడతాయి. పీఎస్2 ఆటల్లో ఎక్కువ భాగం డీవీడీలే కాబట్టి ఇక్కడితో ఆపినా తప్పు లేదు. సీడీలు కూడా కావాలంటే పికప్ మార్చాలి, దొరకడానికి కొంత సమయం పడుతుంది.

“నీలం డిస్కులు లేకపోయినా ఫరవాలేదు సార్. నల్ల డిస్కులు ఆడాలి. మా అన్నయ్య వస్తే టెక్కెన్ 3 తప్ప ఇంకేదీ పట్టుకోడు” అన్నాడు.

సీడీ లేజరు అక్కర్లేదనుకోవడానికి వీల్లేకుండా పోయింది.

పికప్ వేట

పీఎస్2 జపాన్‌లో 2000 మార్చిలో వచ్చింది. తయారీ 2013 మొదట్లో పూర్తిగా ఆగింది. అమ్ముడైనవి 16 కోట్లు. జపాన్‌లో కంపెనీ మరమ్మతు సేవ కూడా 2018లో ముగిసింది. అంటే ఈ రోజు ఎక్కడ కొన్నా ‘కొత్త ఒరిజినల్’ అన్న మాటను నమ్మడానికి ఆధారం తక్కువ. దొరికేవి మూడు రకాలు: ఎక్కడో గోదాములో మిగిలిన పాత సరుకు, చైనాలో తయారైన నకళ్లు, పాడైన పెట్టెల నుంచి తీసినవి.

కొనేముందు ఒక పని తప్పనిసరి. పెట్టె వెనక మోడల్ నంబరు చూసి పికప్ ఆర్డరు చేయకూడదు. డ్రైవు తెరిచి పికప్ మీద రాసినదే చూడాలి. లావు రకాల్లో సోనీ సొంత కేహెచ్‌ఎస్-400 కుటుంబం పికప్‌లు ఉంటాయి, 400బీ, 400సీ అని. 50000 శ్రేణి పెట్టెల్లో కొన్నిటికి సాన్యో తయారు చేసిన ఎస్‌ఎఫ్-హెచ్‌డీ7 వచ్చింది. సన్న రకాల్లో చాలా వాటికి పీవీఆర్-802డబ్ల్యూ. సోనీ ఉన్నచోట సాన్యో పెట్టి సర్దుకుంటుందిలే అనుకోరాదు. ఈ పెట్టెలో ఉన్నది 400సీ.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో డీవీడీ ప్లేయర్ లెన్సులు ఇప్పటికీ దొరుకుతాయి, గేమ్ పెట్టెలవి మాత్రం అదృష్టం ఉంటేనే. ముంబై లామింగ్టన్ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ఢిల్లీ పాలికా బజార్ దుకాణాల నుంచి కొరియర్లో తెప్పించుకోవడం మా వృత్తిలో మామూలే. ఒకప్పుడు అలీఎక్స్‌ప్రెస్ ఉండేది. 2020 నవంబరులో దాన్ని మన ప్రభుత్వం నిషేధించాక అదే సరుకు ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ధర పెరిగి, మన అమ్మకపు సైట్ల మీద కనిపిస్తోంది. తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనమని నేను చెబుతాను. నకలు పికప్‌లలో కొన్ని ఏళ్ల తరబడి నడుస్తాయి. కొన్ని పెట్టె నుంచి తీసిన రోజే డీవీడీ చదివి సీడీ చదవవు. అదే తయారీదారు, అదే స్టిక్కరు. ఏది ఎంతకాలం నడుస్తుందో పది నిమిషాల పరీక్షలో తెలియదు.

అందుకే నేను మొదట వెతికేది దాత పెట్టె కోసం, అంటే విడిభాగాలు తీసుకోవడానికి పనికొచ్చే పాడైన పెట్టె కోసం. ఇక్కడే అమెరికా సరుకు పనికొస్తుంది. అక్కడ చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లినవాళ్లు పాత పెట్టెల్ని ఇంటికి తెచ్చి, 120 వోల్టుల యంత్రాన్ని నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడతారు. లావు పీఎస్2లో పవర్ సప్లై లోపలే ఉంటుంది. టప్‌మన్న శబ్దం వస్తుంది, అంతే. ఆ పెట్టె అటకెక్కుతుంది, లేదా తుక్కు కొట్టుకు చేరుతుంది. పోయింది సాధారణంగా పవర్ బోర్డే. లోపలి పికప్‌కు ఏమీ కాదు. పైగా అక్కడ అసలు డిస్కులు మాత్రమే ఆడి ఉంటే అది ఇక్కడి పికప్‌లంత అలసిపోయి ఉండదు. మన దగ్గర దాదాపు ప్రతి పీఎస్2కూ మోడ్‌చిప్ (నకలు డిస్కులు ఆడనిచ్చే చిప్పు) ఉండేది. రోడ్డు పక్క కొన్న నకలు డిస్కులే ఆడేవారు. నాసిరకం డిస్కు సరిగ్గా చదునుగా కూడా ఉండదు, తిరిగేటప్పుడు ఊగుతుంది. ఆ ఊపుకు తగ్గట్టు లెన్సు క్షణక్షణం పైకీ కిందికీ సర్దుకుంటూ ఉండాలి.

తుక్కు కొనేవారు ఒకరు నాకోసం ఇలాంటివి పక్కన పెడుతుంటారు. వాటిలో ఒక అమెరికా పీఎస్2లో 400సీ దొరికింది. దాన్నే బతికించవచ్చు కదా అనిపించవచ్చు. పవర్ బోర్డు ఒక్కటే పోయి ఉంటే అదే చేసేవాణ్ని. కానీ మోడ్‌చిప్ ఊడదీసే ప్రయత్నంలో ఎవరో మదర్‌బోర్డు మీది రాగి దారులను లేపేశారు. పొటెన్షియోమీటర్ల మీద గాట్లు లేవు. లెన్సు తేటగా ఉంది. తీసుకున్నాను.

మార్పిడి

పికప్‌ను చేతిలోకి తీసుకునేముందు మణికట్టుకు ఎర్తు పట్టీ ఉండాలి. లేజర్ డయోడ్ స్థిర విద్యుత్తుకు ఇట్టే పోతుంది, పోయినట్టు పైకి కనిపించదు కూడా. కొత్త పికప్ అయితే దాని చిన్న బోర్డు మీద రెండు చుక్కలను కలుపుతూ టంకం బొట్టు ఒకటి ఉంటుంది. రవాణాలో డయోడ్‌ను కాపాడటానికి పెట్టినది. రిబ్బన్ తగిలించాక ఆ బొట్టును తీసేయాలి. తీయకపోతే లేజరు వెలగదు. కొత్త పికప్ పనిచేయలేదని తిప్పి పంపే వాటిలో ఈ బొట్టు అలాగే ఉన్నవి నేను చూశాను. దాత పికప్ అప్పటికే వాడినది కాబట్టి ఈ పని లేదు.

అసలు ఓపిక కావలసింది తెల్ల పళ్ల చక్రం దగ్గర. పికప్ నడిచే కడ్డీ ఒక చివర ఈ చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే కడ్డీ వెంట్రుకవాసి లేస్తుంది లేదా దిగుతుంది, డిస్కుకు లెన్సు ఉండే వాలు మారుతుంది. విప్పేముందే దాని పన్ను మీద, పక్కనున్న ఇనుప పలక మీద మార్కరుతో గీత పెట్టుకున్నాను. పాత పికప్‌కు కుదిరిన వాలు కొత్తదానికి కుదరాలని లేదు. మొదట గీత దగ్గరే ఉంచి పరీక్షించాను. వెండి డిస్కు ఎక్కింది, నల్ల డిస్కు ఎక్కింది, నీలం డిస్కు రెండోసారికి ఎక్కింది. చక్రాన్ని ఒక్క పన్ను జరిపాను. నీలం వెంటనే ఎక్కింది గాని, గాడ్ ఆఫ్ వార్ 2 తెరవడానికి ఎక్కువ సేపు తీసుకుంది. మళ్లీ గీత దగ్గరికి తెచ్చి, ఎదురు వైపుకు ఒక పన్ను జరిపితే మూడూ కుదిరాయి. ఈ సవరింపులో పొటెన్షియోమీటరును తాకలేదు. వాలుతో సరిదిద్దగలిగిన దాన్ని వెలుగు పెంచి కప్పిపుచ్చితే ముందు మరమ్మతు చేసినవారికీ నాకూ తేడా ఉండదు.

టెక్కెన్ 3లో మొదటి వీడియో మొత్తం ఆడనిచ్చి చూశాను. సీడీ నుంచి బొమ్మ, పాట ఆగకుండా వస్తున్నాయంటే పికప్ సమాచారాన్ని వేళకు అందిస్తున్నట్టు. మెనూ తెరుచుకుంటే చాలనుకుని పెట్టె మూసేయకూడదు.

డిస్కుల సంగతి

పెట్టెతోపాటు వచ్చిన డిస్కుల్లో కొన్నిటి మీద టూత్‌పేస్టు మరకలున్నాయి. గీతలు పోతాయని ఎవరో రుద్దారు. చదివే వైపు గీతలు కొంతవరకు పాలిష్ యంత్రంతో పోతాయి. టూత్‌పేస్టు చేతితో రుద్దితే పాత గీతల చోట కొత్త మసక వస్తుంది, అంతకుమించి ఒరిగేది తక్కువ. తుడవాలంటే మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు, నేరుగా. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం సాగే దారి వెంటే పడుతుంది.

సీడీలో పై వైపు, బొమ్మ ఉన్న వైపే ఎక్కువ నాజూకు. అద్దంలా మెరిసే పొర ఆ రంగు కిందే, పల్చటి లక్క చాటున ఉంటుంది. అక్కడ గీత పడితే ఎవరూ ఏమీ చేయలేరు. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం. నల్ల డిస్కుల్లో ఒకటి వెలుతురుకు అడ్డం పెడితే పై వైపు సూదిమొనంత రంధ్రాలు కనిపించాయి. అది ఏ పికప్‌తోనూ చదవదని యజమానికి చెప్పేశాను.

అప్పగింత

డిస్కులు ఎక్కినా ఎక్కకపోయినా, పెట్టె చేతికి రాగానే నేను చేసే మొదటి పని మెమరీ కార్డులోని సేవ్‌లను యూఎస్‌బీలోకి తీసి ఉంచడం. ఫ్రీ మెక్‌బూట్ (డిస్కు లేకుండా బయటి ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) వేసిన కార్డుతో పెట్టెను ఆన్ చేస్తే యూలాంచ్‌ఎల్ఫ్ అనే ప్రోగ్రాంతో ఇది జరుగుతుంది, డిస్కు అవసరం లేదు. ఇక్కడ అసలు 8 ఎంబీ కార్డు పక్కన పేరు తెలియని 64 ఎంబీ కార్డు ఒకటుంది. ఇలాంటి వాటి మీద నాకు నమ్మకం లేదు. వేసిన సేవ్ రేపు ఉంటుందో లేదో చెప్పలేం.

హార్డ్‌డిస్కు దారి గురించి కూడా మాట్లాడుకున్నాం. లావు పీఎస్2 వెనక గూడులో నెట్‌వర్క్ అడాప్టరు, దానికి హార్డ్‌డిస్కు తగిలించి, సొంత డిస్కుల కాపీలను ఓపెన్ పీఎస్2 లోడరు అనే ప్రోగ్రాంతో ఆడుకోవచ్చు. అప్పుడు పికప్‌కు పనే ఉండదు. యూఎస్‌బీ నుంచి ఆడదామంటే ఆ పోర్టు పాత 1.1 రకం, వీడియోలు నత్తనడక నడుస్తాయి. డీవీడీ ఆటలు మాత్రమే ఆడేవారికి నేను ముందు సూచించేది హార్డ్‌డిస్కునే. మొదటి ప్లేస్టేషన్ ఆటలకు ఆ దారి అంత సాఫీగా ఉండదు. ఈ ఇంట్లో నల్ల డిస్కులే ముఖ్యం కాబట్టి పికప్‌నే నిలబెట్టాం.

ఇంకొకటి. ఇతర పెట్టెలు ఉన్నవారు ఈ కథను చూసి మొదట పికప్ వైపు చూడకండి. మొదటి ఎక్స్‌బాక్స్ అయితే డ్రైవు కంటే ముందు గడియారం కెపాసిటరును చూడాలి. చాలా రకాల్లో దాని ద్రవం కారి బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది, పెట్టె అటక మీద ఊరికే ఉన్నా సరే. సెగా డ్రీమ్‌కాస్ట్ పెట్టె ఆటల మధ్య తనంతట తానే రీసెట్ అవుతుంటే పవర్ బోర్డు పిన్నులను శుభ్రం చేసి చూడాలి. సన్న పీఎస్2లో ప్రతి డిస్కు మీదా ఒకే చోట గుండ్రటి గీత పడుతుంటే పికప్ రిబ్బన్ పైకి ఉబ్బి డిస్కును తాకుతున్నట్టు. దాన్ని కిందికి ఒత్తి టేపు వేస్తే చాలు.

పీఎస్2లు మన దగ్గర ఆలస్యంగా వచ్చి ఆలస్యంగానే వెళ్లాయి. హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ తయారు చేసిన హనుమాన్: బాయ్ వారియర్ ఈ పెట్టె కోసమే 2009లో విడుదలైంది. అప్పటికి పీఎస్3 వచ్చి చాలా కాలమైంది. ఆ ఆలస్యం ఇప్పుడు మాకు పనికొస్తోంది. అటకల మీద, తుక్కు కొట్లలో దాత పెట్టెలు ఇంకా దొరుకుతున్నాయి. ఆడని పెట్టె ఇంట్లో ఉంటే విడిభాగాల కోసం అమ్మండి, పారేయకండి.

ఈ యంత్రాన్ని దేవుడి అలమారా పక్క నుంచి మార్చమని, వెనక ఫ్యానుకు జానెడు ఖాళీ వదలమని చెప్పి పంపాను. పాత పికప్‌ను కూడా సంచిలో పెట్టి, దాని మీద ‘డీవీడీ బాగుంది, సీడీ లేదు’ అని రాసి ఇచ్చాను. ఇప్పుడున్నది ఎప్పుడైనా పోతే వెండి డిస్కుల వరకు అది ఇంకా పనికొస్తుంది. ట్రే మూసుకునేటప్పుడు వచ్చే కిరకిర మాత్రం పోలేదు. ఒక పళ్ల చక్రం అరిగింది, దాత పెట్టెలోనిదీ అలాగే ఉంది. ఇంకో పెట్టె దొరికితే మారుస్తాను. అప్పటిదాకా ట్రేను చేత్తో నెట్టి మూయవద్దని యజమానికి గట్టిగా చెప్పాను.